చేతికి తెలిసిన దారి

కంప్యూటర్ ఆపాలంటే "స్టార్ట్" నొక్కాలని మొదటిసారి విన్నప్పుడు నవ్వనివారు అరుదు. అయినా 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది మొదలు, తెర ఎడమ అడుగున ఉన్న ఆ చిన్న బటనే కోట్లమందికి వాకిలి అయింది. మేము ప్రసంగాలు టైపు చేసుకున్నా, సంఘం లెక్కలు రాసుకున్నా ఆ వాకిలిలో నుండే లోపలికి వెళ్లేవాళ్లం. కొన్నేళ్లకు కన్ను వెదకక ముందే చెయ్యి అక్కడికి పోయేది.

2012 అక్టోబర్ 26న విండోస్ 8 విడుదలైంది. ఎడమ మూలన ఆ బటన్ లేదు. కంప్యూటర్ తెరిస్తే తెర నిండా రంగురంగుల పలకలు. టాబ్లెట్లు, వేలితో తాకే తెరలు వస్తున్న రోజులు గనుక వేలికి అనువుగా దాన్ని కట్టారు. అయితే మౌస్, కీబోర్డు తప్ప మరేమీ లేని బల్లమీది కంప్యూటర్లకు కూడా అదే ముఖం పెట్టారు. ఆపాలంటే మౌస్‌ను కుడి మూలకు తీసుకెళ్లాలి. దాగి ఉన్న పట్టీ ఒకటి బయటికి వస్తుంది. అందులో సెట్టింగ్స్, ఆపైన పవర్, ఆపైన షట్‌డౌన్. ఆ మూలలో ఏదో ఉందని చెప్పే గుర్తు తెర మీద లేదు. తెలిసినవారెవరైనా చెప్పాల్సిందే.

పాత వాడుకరులు విసుక్కుంటే, "మార్పు గిట్టనివాళ్లు" అని తేల్చేసినవారున్నారు. ఆ మాట న్యాయం కాదని మా అభిప్రాయం. పదిహేడేళ్లు చేతికి అలవాటైనది ఒక విద్య. మగ్గం మీద నేతగాడి చెయ్యి, కొలిమి దగ్గర కమ్మరి చెయ్యి ఎలాంటివో ఇదీ అలాంటిదే. రాత్రికి రాత్రి పనిముట్ల చోటు మార్చేస్తే, ఎంత పనివాడైనా తెల్లారి పని రానివాడిలా కనబడతాడు. టైపింగ్‌తో బ్రతికే అక్కను కూడా పిల్లలు "ఇది కూడా రాదా?" అంటారు. బటన్ పోయినందుకు కలిగిన కష్టం కంటే, ఆ మాట వల్ల కలిగే సిగ్గే పెద్ద గాయం.

ఆ విసుగు వట్టిది కాదని తర్వాత జరిగినవి చూపించాయి. 2013 అక్టోబర్ 17న వచ్చిన 8.1లో బటన్ తిరిగి వచ్చింది, గాని నొక్కితే మళ్లీ ఆ పలకల తెరే. 2015 జూలై 29న విండోస్ 10లో పాత మెనూ వచ్చింది. పలకలు దాని పక్కనే కుదురుగా సర్దుకున్నాయి. పాతదీ కొత్తదీ ఒకే గూటిలో ఇమిడాయి. అందుకు సుమారు మూడేళ్లు పట్టింది. 2021 అక్టోబర్ 5న విండోస్ 11 ఆ బటన్‌ను మధ్యకు జరిపినా, తిరిగి ఎడమకు పెట్టుకునే వీలు ఉంచింది.

మన మధ్య దీనికి చక్కని పోలిక ఉంది. తెలుగు బైబిలుకు సులభ భాషలో అనువాదాలు వచ్చాయి. పాత అనువాదం అచ్చు మాత్రం ఆగలేదు. పిల్లవాడు తనకు అర్థమయ్యే మాటల్లో చదువుకుంటాడు. కంఠతా పట్టిన అవ్వ చేతిలో నుండి ఆమె పుస్తకాన్ని ఎవరూ లాక్కోలేదు. కొత్త దారి వేసేవారు పాత దారికి కంచె వేయకపోతే, చాలామంది తమంతట తామే నెమ్మదిగా ఇటు నడిచి వస్తారు.

గనుక మీ ఇంట్లోనో ఆఫీసులోనో పెద్దవారు కొత్త తెర ముందు తడబడుతుంటే, మౌస్ వారి చేతిలో నుండి తీసుకోకండి. పక్కన కూర్చుని, వారి చేతనే రెండుసార్లు చేయించండి. విండోస్ 11 అయితే టాస్క్‌బార్ మీద కుడి క్లిక్ చేసి, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో బిహేవియర్స్ కింద అలైన్‌మెంట్‌ను లెఫ్ట్‌కు మార్చండి. నిమిషం పని. వారి చెయ్యి వెదికే చోట వారి వాకిలి ఉంటుంది. మిగిలినది వారే నేర్చుకుంటారు.