వచ్చే ఏడాది మొదటి పిక్

ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి కూడా 'డైనాస్టీ' అంటే కాస్త విడమరిచి చెప్పాల్సి వస్తుంది. మామూలు ఫాంటసీలో ఏటా జట్టు కొత్తగా కట్టుకుంటాం. ఆగస్టులో మొదలై మేలో ఖతం. ఆ తర్వాత ఎవరికీ ఎవరితో లెక్కలుండవు. డైనాస్టీలో అట్లా కాదు. ఒకసారి తెచ్చుకున్న ఆటగాడిని నువ్వు మార్పిడి చేసేదాకానో, వదిలేసేదాకానో, అతను ఆట మానేసేదాకానో నీవాడిగానే లెక్క. అతను బెంచీ మీద కూర్చున్నా, మోకాలు విరగ్గొట్టుకున్నా నీ ఇంటి మనిషే. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు బాగా ఆడే ఈ పద్ధతిని మేం ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌కి తగిలించాం.

మేం అంటే ఆరుగురం. జనగామ నుంచి ఇద్దరం, మహబూబాబాద్ నుంచి ఇద్దరు, భూపాలపల్లి నుంచి ఇద్దరు. హన్మకొండలో కలిసి డిగ్రీ చదివేనాటికి అందరిదీ ఒకటే వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలొచ్చాక మూడు జిల్లాలవాళ్లమయ్యాం. తర్వాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు. వాట్సాప్ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ మిగల్లేదు. మళ్లీ రోజూ మాట్లాడుకోవడానికి ఒక సాకు కావాలనిపించింది. తెలంగాణలో డబ్బు పెట్టి ఇలాంటి ఆన్‌లైన్ ఆటలు ఆడటం 2017 నుంచే కుదరదు కాబట్టి పందెం మాట రాలేదు. ఒక గూగుల్ షీట్, జట్టుకి ఇరవై మంది, అందులో కనీసం ముగ్గురు ఇరవై ఒకటి దాటనివాళ్లు. ఆఖర్న వచ్చినవాడు అందరికీ దావత్ ఇవ్వాలి. వచ్చే ఏడాది కొత్త ఆటగాళ్లలో మొదటి పిక్ కూడా వాడికే.

2024 ఆగస్టులో, సీజన్‌కి వారం ముందు డ్రాఫ్ట్ పెట్టుకున్నాం. చీటీల్లో మొదటి పిక్ మానుకోటోడికి పడింది. (మహబూబాబాద్ అని మాలో ఎవరూ అనరు.) వాడు ఒక్క క్షణం ఆగకుండా మొహమ్మద్ సలా అన్నాడు. సలాకి అప్పటికే 32 ఏళ్లు. "డైనాస్టీరా, పదేండ్ల లెక్క చూసుకోవాలె" అన్నాను. "పదేండ్లా? నాకు వచ్చే ఏడాదే గ్యారంటీ లేదు" అన్నాడు.

వాడు నవ్వుతూనే అన్నాడు గానీ ఫోన్‌లో అందరం కాసేపు మాట్లాడలేదు. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు, రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు, అదీ రద్దయింది. 2024 జూన్‌లో మూడోసారి రాశాడు, మెయిన్స్ దాకా రాలేదు. ఆ ఆగస్టులో ఉండాల్సిన గ్రూప్-2 డిసెంబరుకు వాయిదా పడింది. అలాంటివాడికి పదిహేడేళ్ల కుర్రాడు 2030లో ఎంత గొప్పవాడవుతాడో చెప్పి ఏం లాభం? చేతిలో ఉన్న సీజన్ గెలవాలి, అంతే. వాడి జట్టులో ముప్పై దాటినవాళ్లే ఎక్కువ.

నేను దీనికి పూర్తిగా ఎదురు. జనగామ నుంచి సికింద్రాబాద్‌కి రోజూ రైల్లో వెళ్లొచ్చేవాణ్ణి, ఆగడం అలవాటే. కోల్ పామర్, బుకాయో సాకా, ఇద్దరికీ 22. ఈథన్ న్వానేరి, 17. మొదటి ఏడాది ఆఖర్న వచ్చినా ఫరవాలేదని ముందే లెక్క వేసుకున్నాను. డైనాస్టీలో తొలి సీజన్ అంటే నాట్లు వేసే కాలం, కోతల కాలం కాదు. ఇదీ నా సిద్ధాంతం.

భూపాలపల్లోడు మా ఇద్దరికీ మధ్య. మెల్లగా, కుదురుగా ఆడేవాళ్లని ఏరుకున్నాడు. వాళ్లలో ముఖ్యుడు రోడ్రి. సెప్టెంబరులో ఆర్సెనల్ మ్యాచ్‌లో రోడ్రి మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ దాదాపు పోయినట్టే. అక్టోబరులో అతనికే బాలన్ డోర్ వచ్చింది, కానీ మా షీట్‌లో దానికి పాయింట్లు లేవు. తీసేసి ఇంకొకణ్ణి తెచ్చుకోమని అందరం చెప్పాం. వాడు ఒప్పుకోలేదు. "మా నాన్న అన్‌ఫిట్ అయితేనే నాకు నౌకరి అచ్చింది. అన్‌ఫిట్ అయినోన్ని తీసి పడేసుడు నాతోని కాదు" అన్నాడు.

వాళ్ల నాన్న సింగరేణి కార్మికుడు. గనిలో పనిచేసే మనిషి ఆరోగ్యం పాడై ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, వారసుడికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి అక్కడ ఉంది. 'డైనాస్టీ' అనే మాట మేం యూట్యూబ్‌లో నేర్చుకున్నాం. వాడి ఇంట్లో ఆ మాటకి అర్థం ఒక మనిషి ఒంటితో తేలింది. ఒకరు పక్కకి తప్పుకుంటే తప్ప ఇంకొకరు లోపలికి రాలేరు. ఆ మాట విన్నాక నా నాట్లూ కోతల సిద్ధాంతం కాస్త తేలికగా అనిపించింది.

నా జట్టు సంగతి. సెప్టెంబరు చివర్లో బ్రైటన్ మీద పామర్ మొదటి సగంలోనే నాలుగు గోల్స్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్‌లో అంతకుముందు ఎవరూ చేయని పని. ఆ వారం గ్రూపులో నన్ను ఆపేవాళ్లు లేరు. డిసెంబరులో సాకా తొడ కండరం పట్టేసి ఏప్రిల్ దాకా రాలేదు. పామర్ జనవరి మధ్యలో గోల్ కొట్టాక మళ్లీ మే మొదటి వారం దాకా లీగ్‌లో గోల్ లేదు. ఫిబ్రవరిలో ఒకడు "పామర్‌ని ఇచ్చేయ్, నీకు ఇద్దరు డిఫెండర్లని ఇస్తా" అని బేరం పెట్టాడు. ఇవ్వలేదు.

ఓపిక గురించి నేను మాట్లాడినప్పుడల్లా మానుకోటోడు హైదరాబాద్ ఎఫ్‌సీని ముందు పెట్టేవాడు. 2019-20లో ఆ క్లబ్ మొదటి సీజన్. పద్దెనిమిది మ్యాచ్‌లకి పది పాయింట్లు, అట్టడుగు స్థానం. తర్వాత కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లకి చోటిచ్చాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. పెనాల్టీల్లో కట్టిమని మూడు ఆపాడు, కేరళ బ్లాస్టర్స్ ఓడింది. అట్టడుగు నుంచి మూడో సీజన్‌కే కప్పు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఊరికి మళ్లీ ఒక జట్టు దొరికిందనుకున్నాం. "ఇదే కదరా నేను చెప్పేది" అనేవాణ్ణి.

"తర్వాతది గూడ చెప్పు" అనేవాడు. తర్వాత డబ్బు కష్టాలు వచ్చాయి, జీతాలు ఆగాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో మళ్లీ అట్టడుగు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. "కుర్రాళ్లు ఓపిక పట్టిండ్రు. ఇల్లు నిలబడలే" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆగమని చెప్పేవాడు, ఆగినన్నాళ్లూ ఇల్లు నడుస్తుందని కూడా చెప్పగలగాలి. నోటిఫికేషన్ కోసం ఆగమని వాడికి చెప్పినవాళ్లెవరూ ఆ రెండో మాట చెప్పలేదు.

మొదటి సీజన్ మానుకోటోడే గెలిచాడు. సలా 29 గోల్స్ కొట్టాడు, ఇంకో 18 కొట్టించాడు. లివర్‌పూల్ టైటిల్ కొట్టింది. భూపాలపల్లోడు ఐదో స్థానం, రోడ్రి ఇంకా వాడి దగ్గరే. నేను ఆరో స్థానం. మటన్‌కి, బగారన్నానికి ఎంతయిందో ఇక్కడ రాయను.

సీజన్ అయిపోయిన వారానికి మానుకోటోడు ఫోన్ చేశాడు. "నీ మొదటి పిక్ నాకియ్యి. సలాని తీస్కో. లివర్‌పూల్‌వాళ్లే రెండేండ్ల కాంట్రాక్టు ఇచ్చిండ్రు గదా" అన్నాడు. వచ్చే ఏడాదికి గ్యారంటీ లేదన్నవాడు వచ్చే ఏడాదినే అడుగుతున్నాడు. ఎందుకని అడగలేదు. ఆ పిక్‌తో ఎవరిని తీసుకోవాలనుకుంటున్నాడో మాత్రం అడిగాను. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పేరు చెప్పాడు, ఎన్ని నిమిషాలు ఆడాడో, ఎడమ కాలు ఎంత బలమో అరగంట చెప్పాడు. చాలా చదివి పెట్టుకున్నాడు.

పిక్ ఇంకా ఇవ్వలేదు. సలాతో పాటు ఇంకొకణ్ణి కూడా ఇమ్మన్నాను. బేరం నడుస్తోంది.