దొరబావి వంతెన

నంద్యాలనుండి గిద్దలూరునకు బోవు రైలుమార్గము నల్లమల నడుమ సాగును. అందు చలమ దగ్గర, అడవిలోపల, దొరబావి వంతెన యున్నది. 1880ల నాడు మీటరుగేజి రైలుకై లోయమీద గట్టినది. 1990లలో బ్రాడుగేజి మార్గము వేరుదారిని బోవుటతో రైలు దానిని విడిచినది.

మొన్న మార్గశిరమున మేము నలుగురము అటవీశాఖవారి యనుమతి గైకొని, దారి యెరిగిన చెంచుపెద్ద వెంట నడచి పోతిమి. పులులుండు అడవి, తోడులేక పోదగదు. వెదురుపొదలు, ఎండుటాకులు, అడుగడుగున ముండ్లు. చిక్కుకొన్న చీరచెంగులను విడిపించుకొనుటతోనే సగము ప్రొద్దు గడచెను. సోదరీమణులెవరైన పోదలచినచో నేతచీరలే కట్టుకొనవలెను.

డెబ్బది యేండ్ల వయసున ఇంత నడక వలదని మా యత్తగారిని వారించితిమి; వారు వినలేదు. కొత్తకోడలుగా కాపురమునకు వచ్చునాడు ఈ వంతెనమీదుగానే వచ్చిరట. క్రిందిలోయ కంటబడగానే భయముతో కన్నులు మూసికొనిరట. పిదప పుట్టింటికి బోవునప్పుడెల్ల నంతే. అన్నిమారులు దాటియు వంతెనను జూడనేలేదు!

లోయలో నిలిచి, ఆ రాతిస్తంభములను తల యెత్తి చాలసేపు చూచిరి.

"ఇంత యెత్తుననా పోయితిమి, అమ్మాయీ!" అని చెంగు నోటికడ్డము పెట్టుకొనిరి.

పిమ్మట మూట విప్పి అందరకు పులిహోర పెట్టిరి. చెంచుపెద్దకు రెండుమారులు వడ్డించిరి. తిరుగుప్రయాణమున రైలెక్కగానే, "నన్ను కిటికీ దగ్గర కూర్చుండనిండు" అనిరి.