మా దొడ్లో మన్ను

డెల్టా బిడ్డలమని మనం గొప్ప చెప్పుకుంటాం గాని, పెన్న మోసుకొచ్చిన ఆ నల్లని బంకమన్నులో వంగనారు నాటి చూడండి, గొప్ప ఏపాటిదో తెలుస్తుంది. వరికి అది బంగారమే, నీళ్లు నిలవాలి గదా! కూరగాయకు మాత్రం వేళ్ల దగ్గర గాలి ఆడాలి. మా ఊరు మైపాడు తీరానికి ఆరు కిలోమీటర్లు. నవంబరు వానల్లో దొడ్లో కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. మే నెలలో అదే మన్ను మీద గడ్డపార వేస్తే నిప్పులు రాలతాయి. పదును ఉండేది మధ్యలో నాలుగు రోజులే.

రెండేళ్లుగా అమ్మ వేసిన బెండ మూరెడు ఎదిగి, ఆకుల అంచులు మాడి చచ్చిపోతున్నది. పక్క కయ్యలో రొయ్యల గుంట తవ్వారు. మిగిలిన మా ఎకరం కూడా కౌలుకిమ్మని నాయనను అడుగుతున్నారు. “దొడ్లో పాదే బతకనప్పుడు ఇంకేం సేద్యంరా” అన్నాడు నాయన. అమ్మ ఏమీ అనలేదు. కూరగాయలు కొనుక్కుతినే రైతు అన్నమాట మా ఇంట్లో తిట్టుతో సమానం.

ఊళ్లో ప్రతివాడూ చెప్పే మందు ఒకటే: ఇసుక తోలమని. లెక్క వేశాను. ఐదు సెంట్లకు అరడుగు లోతున 30 ఘనమీటర్ల మన్ను. గుణం మారాలంటే దాదాపు అంతే ఇసుక కావాలి. బంకరేణువు 0.002 మిల్లీమీటరు కన్నా సన్నం. ఇసుక కొంచెమే కలిపితే దాని సందుల్లో దూరి ఇటుకలా గట్టిపడుతుంది.

అసలు రోగమేమిటో చూద్దామని సీసాలో వాననీళ్లు పోసి ఎండుగడ్డ వేశాను. తెల్లారినా నీళ్లు మురికిగానే ఉన్నాయి. సోడియం! రేణువులను కలవనివ్వదు అది. మట్టి పరీక్షలో పి.హెచ్. 8.8 వచ్చింది. ఇక్కడే జిప్సం పని. అందులోని కాల్షియం సోడియాన్ని తప్పించి తాను కూర్చుంటుంది, రేణువులు గుంపు కడతాయి. (సోడియం లేని బంకమన్నుకు జిప్సం పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. ఊరికే డబ్బు తగలేయకండి!)

ఎకరానికి రెండు టన్నుల లెక్కన మాకు రెండు బస్తాలు పట్టింది. ఎడగారుకు కాలువ వదిలినప్పుడు మూడుసార్లు నీళ్లు నిలగట్టి మురుగుకాలువలోకి తీశాం. తప్పించిన సోడియం బయటికి పోకపోతే చేసిందంతా దండగే. తర్వాత జీలుగ చల్లి, నలభై అయిదు రోజులకు పూత దశలో కోసి మన్నులో తొక్కాం. జీలుగ ఉప్పుకూ ఓరుస్తుంది, నీటికీ ఓరుస్తుంది. అక్టోబరులో పదును చూసి, పెంటదిబ్బ ఎరువు కలిపి, అడుగెత్తు మడులు కట్టాం. తడిమన్ను తొక్కవద్దని నేనంటే, “అది నాకు నువ్వు చెప్పాల్నా” అంది అమ్మ.

సంక్రాంతికి గంపెడు వంకాయలు కోసింది. బెండ మాత్రం ఇంకా నడుమెత్తు దాటలేదు. గుంట గట్టువైపు రెండు వరుసలు మళ్లీ మాడాయి, ఉప్పు ఊట అటునుంచే. అక్కడ నాయన మూడడుగుల లోతున కాలువ తీస్తున్నాడు. కౌలువాళ్లకు ఉగాది దాకా ఆగమని చెప్పాడట.