పేజీ మారిన వారం

జూన్ 9, 2025, మునగాల
మా దరఖాస్తు సైటు కొత్త డిజైన్ రాత్రి డిప్లాయ్ అయింది. పొద్దున లేచి చూస్తే ఆటోమేషన్ టెస్టులు సగానికి పైగా ఫెయిల్. దరఖాస్తు ఫారం మాత్రం చక్కగా పనిచేస్తోంది. ‘సమర్పించు’ చుట్టూ ఇంకో డివ్ (పేజీలోని డబ్బా) వచ్చింది, అంతే అనిపించింది. మూడో డివ్‌లో రెండో బటన్ నొక్కమని, పేజీలో దారి చెప్పే ఎక్స్‌పాత్‌లో ఉంది. అక్కడిప్పుడు ‘రద్దు’ కూర్చుంది.

జూన్ 10
జిల్లాల డ్రాప్‌డౌన్‌లో సూర్యాపేటను వరుస నంబరుతో ఎంచుకునే పాత టెస్టు ఒకటి దొరికింది. 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33. ఈ ఊళ్లో కూర్చుని వరుసను నమ్మడం ఎలా? మునగాల పరగణా చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా, అది మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాలో ఉండేది. 1959లో నల్లగొండలో కలిసింది, 2016లో సూర్యాపేట జిల్లాకు వచ్చింది. ఊరు కదల్లేదు. పైనుంచి దారి పట్టుకొచ్చే ఎక్స్‌పాత్‌కు ఇన్నిసార్లూ తప్పిపోయేది. పేరుతో వెతికితే ఎప్పుడైనా దొరికేది. ఆప్షన్‌ను పేరుతోనే ఎంచుకునేలా మార్చాం.

బండి నంబరు టెస్టు సంగతి వేరు. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లు టీజీ. పాత బళ్ల మీద టీఎస్ అలాగే ఉంది. మారింది రూలు కాబట్టి టెస్టు ఫెయిల్ కావాల్సిందే. ఇప్పుడు రెండు నంబర్లకూ చెరో టెస్టు.

జూన్ 11
‘‘అక్కా, ఫెయిలైన టెస్టు మళ్లీ రన్ చేస్తే పాస్ అయింది. వదిలేయనా?’’ కొత్తగా చేరిన కోదాడ అమ్మాయి అడిగింది. వద్దన్నాను. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ నిలకడలేనితనం ఉందని గూగుల్ 2016లోనే రాసింది. రెండోసారి పాసైతే చాలనుకునే టీమ్, నిజంగా ఫారం చెడిన రోజున కూడా రీరన్ బటనే నొక్కుతుంది. ఇద్దరం కూర్చుని చూశాం. మండలాల జాబితా సర్వర్ నుంచి రాకముందే టెస్టు క్లిక్ చేస్తోంది. దానికి ముందున్న ఐదు సెకన్ల స్లీప్ ఆఫీసు నెట్‌కు చాలుతోంది, ఇక్కడి హాట్‌స్పాట్‌కు చాలడం లేదు. స్లీప్ తీసేసి, జాబితాలో ‘మునగాల’ కనిపించేదాకా ఆగమన్నాం.

జూన్ 13
‘సమర్పించు’ అనే పేరున్న బటన్ కావాలని అడిగితే టెస్టులు నడిపే ప్లేరైట్ లేదంటోంది. తెర మీద కనిపిస్తూనే ఉంది! తీరా చూస్తే అది రంగు పూసిన డివ్. ‘‘అక్కా, టెస్ట్ ఐడీ ఒకటి తగిలిస్తా, దాంతో పట్టుకోండి’’ అన్నాడు డెవలపర్. ఒప్పుకోలేదు. స్క్రీన్ రీడర్‌తో ఫారం నింపే చూపులేని మనిషికి కూడా అక్కడ బటన్ ఉందని తెలియదు కదా తమ్ముడూ, అన్నాను. సాయంత్రానికి నిజమైన బటన్ పెట్టాడు. మేం టెస్టును ముట్టుకోనే లేదు.

టెస్ట్ ఐడీలు వద్దని కాదు. తెలుగు, ఇంగ్లిష్ మధ్య మారే శీర్షికలకు అవే దిక్కు.

జూన్ 16
బటన్‌ను పట్టుకునే లోకేటర్ తప్పితే తనే సరిచేసుకునే టూల్ డెమో చూశాం. దగ్గరగా కనిపించిన బటన్‌ను ఎంచుకొని ముందుకెళ్తుంది. ‘సమర్పించు’ బదులు ‘సేవ్’ నొక్కి పాస్ అంటే, దరఖాస్తు వెళ్లిందని రైతు ఇంట్లో ఎదురుచూస్తూ ఉంటాడు. మార్పును సూచించనీ, ఒప్పుకునేది మనిషే కావాలని గట్టిగా చెప్పాను. సమర్పించాక దరఖాస్తు నంబరు తెర మీదకు వచ్చిందా, అదే నంబరు జాబితాలో ఉందా అనే రెండు చెక్‌లూ ఈరోజే చేర్చాం. రేపు చిరునామా పేజీ పట్టుకోవాలి.