పిల్లిగారి కిటికీ

టీవీ సీరియళ్ళు చూసే ఆడవాళ్ళ మీద వేసినన్ని జోకులు ఇంకెవరి మీదా వేసివుండరు. కానీ ఇంట్లో పిల్లిని పెంచేవాళ్ళని అడగండి, అసలు సీరియల్ పిచ్చి ఎవరిదో చెబుతారు. పొద్దున్న ఆరింటికి మొదలు. కిటికీ గట్టెక్కి, ముందుకాళ్ళు రెండూ కుదురుగా దగ్గర పెట్టుకుని, తోక చుట్టూ తిప్పుకుని కూర్చుందంటే ఎండ గట్టు మీదికొచ్చేదాకా కదలదు. మధ్యలో ప్రకటనలు లేవు. కథ కూడా రోజూ ఒకటే. పిట్ట వచ్చింది, పిట్ట వెళ్ళిపోయింది. అయినా అదేం ఉత్కంఠ! మాలాంటి నవలలు రాసేవాళ్ళం ఎన్ని మలుపులు తిప్పితే పాఠకుల్ని అలా కూర్చోబెట్టగలం చెప్పండి?

మా చిన్నతనంలో పిల్లి ఏ ఒక్క ఇంటికీ చెందేది కాదు. పెంకుల మీంచి దిగి, ఉట్టి మీద పాలు రుచి చూసి, అటక మీద పిల్లల్ని పెట్టి, వాటిని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పేది. పేరుండేది కాదు, పళ్ళెం వుండేది కాదు, డాక్టరు మాట సరేసరి. ఇప్పుడు చూడండి, ఏడిళ్ళు తిరగాల్సిన జీవుడు మూడు గదుల ఫ్లాటులో కాపరం వెలగబెడుతున్నాడు. హైదరాబాదులో మేముండేది నాలుగో అంతస్తు. మూడేళ్ళ కిందట ఓ వానాకాలం సాయంత్రం మా అమ్మాయి మెట్ల కింద వణుకుతున్న గుప్పెడు పిల్లని తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చింది. ఒంటినిండా నారింజ రంగు చారలు, పడుకుంటే గుండ్రంగా చుట్టలు చుట్టుకోవడం. అది చూసి "జాంగ్రీ" అని పేరు పెట్టింది. అప్పట్నించీ జాంగ్రీగారికి లోకమంటే ఆ కిటికీయే.

కిటికీ అవతల వేపచెట్టు కొస, ఈ పక్కన ఏసీ డబ్బా. డబ్బా మీద పావురాలది రాజ్యం. గాజు సంగతి వాటికి ఎప్పుడో తెలిసిపోయింది. పుట్టింటికొచ్చిన ఆడపడుచులా ధీమాగా వచ్చి, పిల్లికి వీపు చూపించి కూర్చుని ఈకలు దువ్వుకుంటాయి. గోరింకలు జంటగా వస్తాయి, వచ్చింది మొదలు పోట్లాటే. వేపపళ్ళ రోజుల్లో పిగిలిపిట్ట నెత్తి మీద జుట్టు నిక్కబెట్టుకుని దిగుతుంది. పక్క ఫ్లాటు వాళ్ళ మందారాల దగ్గర బొటనవేలంత తేనెపిట్ట ఒకటి తెగ హడావుడి పడుతుంది. కాకి మాత్రం పిల్లి కనబడితే ఊరుకోదు, నలుగురిని పిలుచుకొచ్చి నానా అల్లరీ పెట్టి పోతుంది.

పిట్ట మరీ దగ్గరికొచ్చిందంటే జాంగ్రీ గొంతులోంచి ఒక చిత్రమైన చప్పుడు వస్తుంది. మ్యావ్ కాదు, గుర్రు కాదు. కింది దవడ వణికిపోతూ "కెకెకెకె" అని, చలికి పళ్ళు కొట్టుకున్నట్టుగా. మావారు మొదటిసారి విని ఫిట్సేమోనని హడలిపోయారు. పశువుల డాక్టరుగారు ఫోన్లోనే నవ్వి, పిట్టల్ని చూసి చాలా పిల్లులు ఇలాగే చేస్తాయండీ అన్నారు. ఎందుకు చేస్తాయన్న దాని మీద పండితులకి ఒక మాట లేదు. అందని దాని మీద ఉక్రోషమని కొందరు, పట్టబోయే ముందు ఆత్రమని కొందరు. 2005లో బ్రెజిల్ అమెజాన్ అడవుల్లో మార్గే అనే మచ్చల అడవిపిల్లి కోతికూన గొంతు పెట్టి అరవడం పరిశోధకులు చూశారట. కూన ఏడుస్తోందనుకుని పెద్దకోతి దగ్గరికొచ్చిందట గానీ వేట మాత్రం ఫలించలేదట. మరి మా జాంగ్రీ పావురం భాషలో ఏదైనా మాట్లాడుతున్నాడా అంటే, మా అత్తగారు ఒప్పుకోరు. "భాషా లేదు, గీషా లేదు. తిడుతున్నాడే! పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా, పిట్టలు పడతాయా?" అంటారావిడ.

అత్తగారి సంగతి చెప్పాలి. కిందటేడాది కోనసీమలో మా ఇంటి నూతి దగ్గర జారి పడి ఆవిడ మణికట్టు విరిగింది. మామగారు పోయాక ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే వుండేవారు. కట్టు కట్టించి మావారు వెంటబెట్టుకు తీసుకొచ్చేశారు. ఇక్కడ ఏం లోటు? కిటికీ పక్కన మంచం, చేతికందేలా మందులు, డాక్టరు అయిదు నిమిషాల్లో. లిఫ్టంటే భయం, మెట్లంటే మోకాళ్ళు. దాంతో కిటికీ దగ్గర ప్రేక్షకులు ఇద్దరయ్యారు, గట్టు మీద ఆయనగారూ, కుర్చీలో ఈవిడగారూ. పిట్ట ఎటు ఎగిరితే నాలుగు కళ్ళూ అటే.

కొన్నాళ్ళకి ఆవిడ పిల్లి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు.

"ఏమిటే అమ్మాయ్, నోరులేని జీవాన్ని ఇలా బంధించారు? కడుపుకింత పెడితే సరిపోతుందా? కిందికి వదిలెయ్యండే, దాని బతుకేదో అది బతుకుతుంది."

దీనికి మా అమ్మాయి దగ్గర సిద్ధంగా జవాబుంది. బయట తిరిగే పిల్లులు ఒక్క అమెరికాలోనే ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా పిట్టల్ని చంపుతున్నాయని 2013లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. అందులో ఎక్కువ పాపం యజమాని లేని పిల్లులదే. న్యూజిలాండులో స్టీఫెన్స్ అని ఓ చిన్న దీవి వుంది. 1894లో అక్కడ లైట్‌హౌసు వచ్చాక మనుషులతోపాటు పిల్లులూ చేరాయి. ఎగరడం రాని చిన్న పిట్ట ఒకటి ఆ దీవిలో వుండేది. లైట్‌హౌసు ఉద్యోగి పిల్లి నోట కరుచుకొచ్చి చూపిస్తే గానీ అలాంటి పిట్ట వుందని లోకానికి తెలియలేదు. తెలిసిన ఏడాది రెండేళ్ళకే ఆ జాతి మాయమైపోయింది. ఒక్క పిల్లే జాతినంతా తినేసిందని చాలాకాలం చెప్పుకున్నారు గానీ, అది చాలా పిల్లుల పని అని తరవాత తేల్చారు.

నీతిచంద్రిక చదువుకున్నవాళ్ళకి ఇదేం కొత్త కాదు లెండి. కళ్ళు కనబడని ముసలిగద్దని నమ్మించి, నేను మాంసం ముట్టనని వేదాంతం చెప్పి, చెట్టు తొర్రలో చేరి పిట్టపిల్లల్ని ఒక్కొక్కటే స్వాహా చేసిన దీర్ఘకర్ణుడు మన జాంగ్రీకి పూర్వీకుడే కదా! తిన్నది పిల్లి, శిక్ష పడింది గద్దకి. ఆ కథ నాకు చిన్నప్పుడు ఏమాత్రం నచ్చేది కాదు. ఇప్పటికీ నచ్చదు.

"పిల్లన్నాక పిట్టని పట్టదూ? పట్టనియ్యి," అని అత్తగారు కొట్టిపారేశారు.

"కిటికీ తీస్తే నాలుగంతస్తులు పడిపోతుంది నానమ్మా!"

"పిల్లి ఎలా పడినా కాళ్ళ మీదే నిలబడుతుందే పిచ్చిపిల్లా!"

అందులో నిజం లేకపోలేదు. గాల్లోనే ఒళ్ళు తిప్పుకుని కాళ్ళు కిందికి తెచ్చుకునే విద్య పిల్లికుంది. 1987లో న్యూయార్కు పశువైద్యులు, మేడల మీంచి పడి తమ ఆసుపత్రికొచ్చిన 132 పిల్లుల లెక్క రాశారు. సగటున అయిదున్నర అంతస్తుల మీంచి పడ్డాయి, నూటికి తొంభై బతికాయి. ఈ ముక్క చదివి వినిపించానో లేదో, అత్తగారి మొహం వెలిగిపోయింది.

"చూశావా? తొంభై బతికాయట!"

"ఆసుపత్రిదాకా వచ్చినవాటిలో తొంభై అత్తయ్యా. కిందపడి అక్కడే పోయినవాటిని ఆసుపత్రికెవరు తెస్తారు? ఆ లెక్క ఇందులో లేదు. బతికినవాటికి మాత్రం దవడలు పగలలేదా, కాళ్ళు విరగలేదా?"

ఆవిడ తన మణికట్టు వంక చూసుకున్నారు. "విరిగితే అతుక్కుంటుందిలే," అని కిటికీ వైపు తిరిగిపోయారు.

ఏ పిల్లి గురించి మాట్లాడుకుంటున్నామో అప్పుడు నాకు బోధపడింది.

మా వైపు కోతల రోజుల్లో కొత్త వరికంకుల్ని అందంగా కుచ్చులు అల్లి చూరుకి వేలాడదీస్తారు. పిచ్చుకల వాటా అది. గుళ్ళోనూ కడతారు. అలా అల్లడంలో మా అత్తగారిది అందెవేసిన చెయ్యి. ఆ ఏడు కోతలు దగ్గర పడుతున్నకొద్దీ ఆవిడ వేళ్ళు ఒళ్ళో వున్న కొంగు అంచుని వూరికే జడలల్లుతుండేవి. మనిషి పైకి ఏమీ అనరు. పిల్లి గురించి మాత్రమే అంటారు.

మావారిని తప్పు పట్టడానికి లేదు. ఆయన భయం అబద్ధం కాదు. రాత్రి పదింటి తరవాత ఫోను మోగితే ఆ చెయ్యి ఎలా వణికేదో నేను చూశాను. నూతి దగ్గర పడి అరగంట సేపు అలాగే వున్న తల్లిని పాలవాడు చూసి లేపాడన్నది ఆయన మరిచిపోలేరు. "పడిపోతే?" అన్న ఒక్క మాటతో జాంగ్రీకీ అమ్మకీ కలిపి తలుపు వేశారు. కానీ పిల్లినీ తల్లినీ ఒకే త్రాసులో తూచితే ఎలా?

ఒక రాత్రి ఆ మాటే అన్నాను. "పిల్లి బయటికెళితే కుక్కలు, కార్లు, పైగా పిగిలిపిట్ట ప్రాణానికి ఎసరు. దాని తరఫున మనం ఆలోచించక తప్పదు. అత్తయ్యగారి తరఫున ఆలోచించడానికి ఆవిడే వున్నారు కదండీ. అక్కడ ఆవిడకి ఓ వాకిలుంది, ముగ్గుంది, పాలవాడితో పేచీ వుంది. ఆవిడ వెళితే ఏ పిట్ట ప్రాణం పోతుంది?"

"పడితే?"

"ఇక్కడ బాత్రూములో పడరా?"

పదిహేను రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. పదహారో రోజు సెలవు పెట్టి ఊరెళ్ళారు. నూతి చుట్టూ పాకుడు గీయించి గరుకు గచ్చు చేయించారు, స్నానాలగదిలోనూ పెరటి మెట్ల దగ్గరా పట్టుకోవడానికి ఇనప కమ్మీలు పెట్టించారు, రాత్రిళ్ళు తోడు పడుకోవడానికి ఒకావిణ్ణి కుదిర్చారు. సంక్రాంతికి వెళ్ళి రెండు నెలలు వుండి వచ్చేయాలన్నది ఒప్పందం. అత్తగారు బుద్ధిగా తలూపారు. ఆ రెండు నెలలు అయ్యి చాలా కాలమైంది, ఒప్పందం సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఇక మిగిలింది జాంగ్రీ. వాడికి విడుదల లేదు గానీ హోదా పెంచాం. గట్టు ఇరుకని వడ్రంగి చేత ఓ వెడల్పాటి చెక్క కొట్టించాం. హైదరాబాదులో పావురాల బాధ పడలేక బాల్కనీలకి నైలాను వలలు కట్టించుకోవడం మీకు తెలిసిందే. మా వల అంచులు ఇంకాస్త బిగించి కట్టించి, సాయంత్రాలు వాణ్ణి బాల్కనీలోకి వదులుతున్నాం. పిట్టలు వలలో పడే కథలే వింటూ పెరిగాం మనం. ఇప్పుడు వల లోపల మేమూ పిల్లీ, బయట హాయిగా పిట్టలూ.

ఊరికే చూస్తూ కూర్చోబెడితే సరిపోదట. పిల్లికి వేటంటే పొంచడం, దూకడం, పట్టడం, తినడం అన్నీ వరసగా జరగాలి. మొదటిది తప్ప ఏదీ జరగకపోతే ఉక్రోషం పేరుకుని పక్కనున్నవాళ్ళ కాళ్ళు కొరుకుతుంది. అందుకని తిండి వేళకి ముందు కర్రకి కట్టిన ఈకల కుచ్చుతో మా అమ్మాయి వాణ్ణి గదంతా పరిగెత్తిస్తుంది, చివరికి పట్టుకోనిచ్చి అప్పుడు గిన్నె పెడుతుంది. 2021లో ఇంగ్లండులో బయట తిరిగే పెంపుడు పిల్లుల మీద ఓ పరిశోధన చేశారు. రోజూ అయిదు పది నిమిషాలు ఇలా ఆడిస్తే అవి ఇంటికి పట్టుకొచ్చే వేట నూటికి 25 పాళ్ళు తగ్గిందట. మాంసం దండిగా వున్న తిండి పెడితే 36 పాళ్ళు తగ్గిందట. తిండీ ఆటా సరిగ్గా అమిరితే పిల్లికైనా అల్లరి తగ్గుతుందన్న మాట. మగపిల్లల తల్లులు ఇది రాసి పెట్టుకోవచ్చు.

సంక్రాంతి వెళ్ళిన వారానికే ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత అత్తగారు రెండు వరికుచ్చులు పంపారు. వల బయటకి కొక్కెం వేసి ఒకటి వేలాడదీశాం. పావురాలు ఎగబడ్డాయి గానీ వాటికి వేలాడే కంకి పట్టుకుని తినడం చేతకాదు. కింద రాలిన గింజలేరుకుని పోయాయి. తరవాత ఉడత వచ్చింది. ఎనిమిది రోజుల తరవాత ఒక పిచ్చుక, మర్నాడు జంట. జాంగ్రీ కొత్త చెక్క మీద కూర్చుని మొదలుపెట్టాడు, "కెకెకెకె..."

వెంటనే అత్తగారికి ఫోను చేసి, వాడి మూతి దగ్గర పెట్టాను.

"ఇంకా తిడుతూనే వున్నాడన్నమాట!" ఆవిడ నవ్వు అవతల నుంచి గలగలా వినిపించింది. "పాపం, ఎంతసేపని కూర్చోబెడతారే వాణ్ణి? ఓ పూట అలా కిందికి..." అంటూ ఉన్నట్టుండి గొంతు పెంచారు. "ఉష్! ఉష్! దొంగముండా! పో అవతలికి!"

"ఏమైంది అత్తయ్యా?"

"చూరు కింద కుచ్చు కట్టానా, పక్కింటి పిల్లి వచ్చి దాని కిందే మాటు వేసింది! నిన్న కూడా ఇదే వరస. వుండు, కర్ర తెచ్చుకోవాలి, మళ్ళీ చేస్తా," అని ఫోను పెట్టేశారు.