సెంట్రింగు ఎప్పుడు విప్పాలి?

ఈ సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసినప్పుడు, "కథలూ కవితలూ నాకు చేతకావు తమ్ముడూ, నాకు వచ్చిందల్లా ఎస్టిమేషను" అన్నాను. "అదే రాయండి సార్" అన్నాడు. కనుక ఒక ఎస్టిమేషనే రాస్తున్నాను. అయితే ఇది ఏ భవనానిదో వంతెనదో కాదు. నేను చదివిన బి.టెక్. సివిల్‌ది.

2025 జూలైలో ఊరికి వెళ్ళాను. మాది అద్దంకి దగ్గర పల్లె. నల్లరేగడి, పత్తి, మిర్చి తప్ప వేరే సంగతి మాట్లాడని ఊరు. ఆ నెలలోనే నా చదువు అప్పు చివరి వాయిదా కట్టి, బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని నాన్నకు చూపించాలని జేబులో పెట్టుకుని వెళ్ళాను. అరుగు మీద బాబాయి కూర్చుని ఉన్నాడు. ఆయన కూతురికి కౌన్సెలింగు నడుస్తోంది. ఆ పిల్లకు సివిల్ మీద మనసు.

"అబ్బాయ్, నువ్వు చదివినోడివి. నిజం చెప్పు. సివిల్‌లో చేరిస్తే అప్పు తీరుద్దా?" అన్నాడు బాబాయి.

తీరిందన్న కాగితం నా జేబులోనే ఉంది. అయినా వెంటనే "తీరుద్ది బాబాయ్" అనలేకపోయాను. ఆ యేడు మిర్చి రైతు పరిస్థితి అందరికీ తెలుసు. 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన సరుకు, 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం కలగజేసుకుని 11,781 రూపాయలు రేటు కట్టవలసిన స్థితికి పడిపోయింది. అలాంటి యేడు ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు నోటిమాటగా జవాబు చెప్పడం పాపమనిపించింది. "రేపు చెప్తాను బాబాయ్" అని లోపలికి వెళ్ళి కాగితం, పెన్ను తీసుకున్నాను.

అసలు నేను సివిల్‌లో ఎందుకు చేరానంటే మా తాతయ్య వల్ల. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిన సంగతీ, 1967లో కాలవలకు నీళ్ళు వదిలిన సంగతీ ఆయన తన ఇంటి శుభకార్యాల్లా చెప్పుకునేవాడు. "వానకోసం మొగులు వంక చూసేవాళ్ళం. కాలవొచ్చాక మనిషికి తలకాయి దించి పని చేసుకోవడం అలవాటైంది" అనేవాడు. నీటిని అంత దూరం నడిపించిన వాడు ఇంజనీరు అయితే, నేనూ ఇంజనీరే కావాలనుకున్నాను. 2013లో కన్వీనర్ కోటాలోనే సీటు వచ్చింది. ప్రభుత్వం కట్టే ఫీజు పోను మిగిలిన ఫీజు, హాస్టలు, మెస్సు, పుస్తకాలు కలిపి యేటా లక్ష తేలింది. నాలుగేళ్ళకు నాలుగు లక్షలు. నాలుగు లక్షల వరకు తనఖా అక్కర్లేదు, తండ్రి సంతకం చాలునన్నారు. నాన్న సంతకం పెట్టారు.

ఆ రోజు బస్సులో నాన్న అన్న మాట నాకింకా గుర్తుంది. "గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తన్నాం. ఇది యేడాదికి పది రూపాయలంటున్నారు. అంటే నెలకి రూపాయి కూడా లేదు. దీనికి భయమెందుకురా?" ఆయన లెక్క తప్పు కాదు. కాని ఒక్క తేడా ఉంది. కమీషన్ కొట్టు అప్పు పంటతో వచ్చి పంటతో పోతుంది. ఈ అప్పు మాత్రం అయిదేళ్ళు మా కళ్ళపడకుండా పెరిగింది.

ఎలా పెరిగిందో చూడండి. మొదటి లక్ష మీద అయిదేళ్ళ వడ్డీ 50,000. రెండో లక్ష మీద నాలుగేళ్ళది 40,000. మూడో దాని మీద 30,000. నాలుగో దాని మీద 20,000. చదువు నాలుగేళ్ళు, ఆపైన ఒక యేడాది గడువు ముగిసేసరికి వడ్డీయే 1,40,000. నాలుగు లక్షల అప్పు మొదటి వాయిదా నాటికి 5,40,000 అయింది. ఏడేళ్ళలో, అంటే 84 వాయిదాల్లో తీర్చాలంటే నెలకు 8,964 రూపాయలు. మొత్తం కట్టింది ఏడున్నర లక్షల పైచిలుకు.

ఇటు నా సంపాదన చూద్దాం. 2017లో పట్టా చేతికొచ్చింది. రాజధాని అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగి ఉంది. గుంటూరు జిల్లాలో సివిల్ చదివినవాడికి పని దొరకదన్న మాటే అప్పట్లో వినపడేది కాదు. ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరుగా చేరాను. జీతం 12,000. 2018 ఆగస్టులో మొదటి వాయిదా వచ్చేనాటికి 14,000. వాయిదా పోను 5,036 మిగిలేది. గది అద్దె, తిండి, సైటుకు వెళ్ళే పెట్రోలు అందులోనే. అదే కాలేజీలో నా పక్క బెంచీ కంప్యూటర్సు మిత్రుడికి మొదటి జీతమే నాకు రెట్టింపు. అసూయ పడలేదని అబద్ధం చెప్పను.

2019లో ప్రభుత్వం మారింది. అమరావతిలో పనులు ఆగిపోయాయి. జూన్ నుంచి అయిదు నెలలు నాకు జీతం లేదు. పని ఆగితే వాయిదా ఆగదు గదా! గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ధర కోసం దాచుకున్న మిర్చి టిక్కీలను నాన్న నెలనెలా కొన్ని చొప్పున అమ్మేశారు. ధర చూసి అమ్మలేదు, వాయిదా తేదీ చూసి అమ్మారు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. చాలాకాలం తర్వాత అమ్మ చెప్పింది. 84 వాయిదాల్లో అయిదు నా జీతంలోవి కావు, మా పొలంలోవి.

ఆ తర్వాత ఒక రోడ్డు పనిలో 18,000కు చేరాను. 2020లో కరోనా వచ్చినప్పుడు మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. నేను ఆపుకోలేదు. వాయిదా ఆగినా వడ్డీ ఆగదని అప్పటికే తెలిసొచ్చింది. 2022కు 28,000, 2025కు 46,000. అంటే సివిల్ అన్నం పెట్టదని కాదు. ఆలస్యంగా పెడుతుంది.

మన ల్యాబులో కాంక్రీటు క్యూబులు పగలగొట్టిన వాళ్ళందరికీ తెలిసిన విషయమే. ఏడో రోజు క్యూబుకు ఉండేది పూర్తి బలంలో సుమారు మూడింట రెండొంతులు. అసలు బలం అడగవలసింది ఇరవై ఎనిమిదో రోజున. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు పోట్లు కనీసం ఏడు రోజులు, అది దాటితే పద్నాలుగు రోజులు ఉంచమని ఐ.ఎస్. 456 చెబుతుంది. చదువు అప్పు మాత్రం పట్టా వచ్చిన యేడాదికే సెంట్రింగు విప్పమంటుంది. నా స్లాబు కూలకుండా నిలబడిందంటే, కింద సరుగుడు బాదులా మా నాన్న నిలబడ్డారు గనుక. ఆ బాదు లేనివాడి సంగతేమిటి?

ఇందులో నా తప్పు ఒకటుంది. అది చెప్పడానికే ముఖ్యంగా ఈ వ్యాసం. యేడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు, చదువు కాలానికీ ఆపైన యేడాదికీ అయ్యే వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009-10 నుంచి ఉంది. ఆదాయ ధ్రువపత్రం బ్యాంకులో ఇచ్చి అడగాలి. బ్యాంకులో నాకెవరూ చెప్పలేదు. నిజమే. కాని నేనూ అడగలేదు. అడిగి ఉంటే అప్పు నాలుగు లక్షల దగ్గరే ఆగేది. వాయిదా 6,640 అయ్యేది. మొత్తం మీద దాదాపు రెండు లక్షలు మిగిలేవి. బీముకు బెండింగ్ మూమెంటు కట్టడం నేర్చుకున్న నాలుగేళ్ళలో, నా అప్పుకు వడ్డీ కట్టి చూసుకోలేదు! పత్తి గింజ కొనేముందు వంద ప్రశ్నలు వేసే రైతు కొడుకును, నాలుగు లక్షల కాగితం మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మర్నాడు బాబాయికీ చెల్లాయికీ ఆ కాగితం చూపించి మూడు మాటలు చెప్పాను. ఒకటి, తీసుకునే అప్పు కాదు, మొదటి వాయిదా నాటికి అది ఎంతవుతుందో చూడండి. రెండు, ఆ వాయిదా మొదటి జీతంలో మూడో వంతు దాటేట్టుంటే అప్పు తగ్గించండి, లేదా గడువు పెంచుకోండి. గడువు పెరిగితే వడ్డీ పెరుగుతుందని తెలిసే పెంచుకోండి. మూడు, పని ఆగిన నెలల్లో ఎవరు కడతారో ఇవాళే అనుకోండి. సివిల్ పనులు ప్రభుత్వాలతో, వానలతో, బిల్లులతో ఆగుతాయి. అమరావతి పనులు మళ్ళీ మొదలైంది 2025 మే 2న. నడుమ దాదాపు ఆరేళ్ళు. ఏ బ్యాంకూ ఆరేళ్ళు ఆగదు.

చెల్లాయి కాగితాన్ని రెండుసార్లు చదివింది. "అన్నయ్యా, హాస్టల్ వద్దు. బస్సు పాసుతో వెళ్ళొచ్చే కాలేజీ పెట్టుకుంటా. అప్పు సగానికి తగ్గిద్ది" అంది. తర్వాత బాబాయి వంక తిరిగి, "నాన్నా, ముందు ఆదాయం సర్టిఫికెట్టుకి అప్లై చెయ్యి. ఆ పథకం మనకి వర్తిస్తదో లేదో బ్యాంకులో నేనే అడుగుతా" అంది. నిబంధనలు మారుతూంటాయి గనుక, చేరే యేడు అడిగి తెలుసుకోవడమే సరైన పని. ఆ పిల్ల సివిల్‌లోనే చేరింది.

నాన్నకు నా జేబులోని కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, చివరి వరకు చదివి, మడిచి పాసుపుస్తకంలో పెట్టుకున్నారు. "ఇంకేం, బాకీ లేదుగా?" అన్నారు.

"బ్యాంకుకి లేదు నాన్నా" అన్నాను.

జూనియర్ మిత్రులారా, మీలో చాలామంది ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టే ఉంటారు. ఈ సంచిక మూసి, ఈ రాత్రే మీ అప్పుకు ఒక ఎస్టిమేషను వేసుకోండి. మార్కులు పడవు గాని, ఇది తప్పితే కట్టేది మీ నాన్నగారు.