మూడు దినముల ప్రయాణము

మహానగరమును చూడబోవువానికి చూడదగిన స్థలములు ఎన్నడును కొఱవడవు, కొఱవడునది కాలము. చేతనున్న కాలమెంతయో ఎఱుగక బయలుదేరినవాడు పది చోటులకు పరుగెత్తి ఒక్కదానినైనను కన్నులార చూడజాలడు. ఎంత చెట్టునకు అంత గాలి యన్నట్లు, ఎన్ని దినములో అన్ని స్థలములనే ఎన్నుకొనవలెను. అయితే ఆ ఎన్నికలో ఎవరి కోరికను నిలుపవలెను, ఎవరి కోరికను విడువవలెను అనునదియే కష్టమైన పని.

కెనడాదేశపు నగరములలో టొరంటో అన్నిటికంటె పెద్దది. అది ఒంటారియో రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. ఒంటారియో సరస్సు ఉత్తరతీరమున నెలకొనియున్నది. 1793లో ఆంగ్లేయులు అచట యార్కు అను చిన్న పట్టణమును స్థాపించిరి. 1834లో అది నగరమై టొరంటో అను ప్రాచీన నామమును మరల ధరించెను. ఆంగ్లేయులు రాకమునుపు ఆ తీరము మిస్సిసాగా మొదలైన ఆదివాసుల నివాసభూమి. నేడు నగరము తూర్పుపడమరలుగా సుమారు 43 కిలోమీటర్లు, ఉత్తరదక్షిణములుగా సుమారు 21 కిలోమీటర్లు వ్యాపించియున్నది. 2021వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి అందు దాదాపు 28 లక్షలమంది నివసించుచున్నారు.

తెనాలి ప్రాంతమునకు చెందిన వృద్ధదంపతులు ఒక వేసవిలో కెనడా రాజధానియగు ఒటావాలో కాపురమున్న తమ కుమార్తె యింటికి వెళ్లిరి. కుమార్తెకు ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక కలదు. ఒటావానుండి టొరంటోకు సుమారు 450 కిలోమీటర్ల దూరము. రైలులో నాలుగున్నర గంటలు పట్టును. జూలై మాసమున తల్లికి మూడు దినములు సెలవు దొరకెను. ఆ మూడు దినములలో టొరంటో చూచి రావలెనని ఇంటివారందఱు నిశ్చయించుకొనిరి. ప్రయాణపు ఏర్పాటును వ్రాయు పని బాలికకు అప్పగింపబడెను.

తాతగారికి పదునెనిమిది సంవత్సరములుగా మధుమేహము. ప్రతిదినము భోజనమునకు ముందు ఆయన ఇన్సులిను సూది వేసికొనవలెను. సూది వేసికొనిన పిమ్మట వేళకు ఆహారము తీసికొననియెడల రక్తములోని చక్కెర మితిమీరి తగ్గిపోవును. ఒటావాకు వచ్చిన మొదటి వారముననే అట్టి ఆపద సంభవించెను. కాలువగట్టున నడచుచు వేళ మఱచిపోయిన ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడెను. అవ్వగారు కొంగున ముడివేసికొని తెచ్చిన పటికబెల్లమును నోటవేయగా కొంతసేపటికి ఆయన తేరుకొనెను. నాటినుండి కుమార్తెకు గుండెలో గుబులు పట్టుకొనెను. “ఏ వేళకు ఎచట నుందుమో, ఎచట భోజనము చేయుదుమో కాగితముపై వ్రాసి చూపుడు. అది నాకు నచ్చినగాని ప్రయాణము లేదు” అని ఆమె ఖండితముగా చెప్పెను.

బాలిక ఉత్సాహముతో ఆ రాత్రియే పట్టిక సిద్ధము చేసెను. అందు పదునాలుగు స్థలములుండెను. మొదటి దినమున ఉదయము జంతుప్రదర్శనశాల, మధ్యాహ్నము కాసా లోమా అను కోట, సాయంకాలము సరస్సులోని దీవులు; రెండవ దినమున సీఎన్ గోపురము, మత్స్యశాల, పురావస్తుశాల, పాత కోట, అంగడి; మూడవ దినమున నయాగరా జలపాతము, ఇంకను మిగిలినవి. తాతగారు కన్నద్దములు పెట్టుకొని పట్టికను నెమ్మదిగా చదివిరి. పిదప నగరపటమును బల్లపై పఱచి, “అమ్మా! ఈ స్థలములను ఒక్కొక్కదానిని పటముపై గుర్తింపుము” అనిరి.

గుర్తించి చూడగా దోషము బయటపడెను. జంతుప్రదర్శనశాల నగరపు ఈశాన్యపు టంచున నున్నది. కాసా లోమా నగరమధ్యమునకు ఉత్తరమున ఒక గుట్టపై నున్నది. దీవులు దక్షిణమున సరస్సులో నున్నవి. ఒక్కదినమున ఈ మూడింటిని చూడబోయినచో సగము దినము బండ్లలోనే గడచిపోవును. చూచుటకు మిగులునది అలసట యొక్కటియే. స్థలముల పేర్లను వరుసగా వ్రాసినంతమాత్రమున ప్రయాణమునకు ఏర్పాటు కాదనియు, ఏది దేనికి సమీపమో తెలిసికొని జతపఱచుటయే ఏర్పాటనియు బాలిక గ్రహించెను.

ఆ నగరమున దిక్కులు తెలిసికొనుట సులభము. సరస్సు ఎల్లప్పుడును దక్షిణముననే యుండును. గోపురము చాల వీథులనుండి కనబడుచుండును. యంగ్ వీథి అనునది సరస్సుకడనుండి ఉత్తరమునకు సాగిపోవును. దానిని దాటు పెద్దవీథులు దానికి తూర్పున ‘తూర్పు’ అనియు, పడమట ‘పడమర’ అనియు పేరుపొందును. ఇండ్ల సంఖ్యలు రెండు ప్రక్కలకును అచటనుండియే మొదలగును. కావున ఒకే వీథిలో ఒకే సంఖ్యగల ఇండ్లు రెండుండవచ్చును. తూర్పో పడమరో చూచుకొననివాడు మైళ్లకొలది దారి తప్పును. 1954లో కెనడాదేశమునందలి మొట్టమొదటి భూగర్భ రైలుమార్గము ఈ యంగ్ వీథి క్రిందనే ప్రారంభమయ్యెను. నగరరవాణాలో ఒకసారి కార్డుతో రుసుము చెల్లించినచో రెండు గంటలవఱకు భూగర్భ రైలు, ట్రాము, బస్సు మార్చిమార్చి ఎక్కవచ్చును. ఈ సంగతులన్నియు బాలిక పట్టిక వెనుకవైపున వ్రాసికొనెను.

పిదప తాతగారు, “ఎవరికి ఏది ముఖ్యమో ముందు తెలిసికొనవలెను. ఒక్కొక్కరు ఒక్కొక్క కోరిక చెప్పుడు” అనిరి. అవ్వగారు నయాగరా అనిరి. బాలిక జంతుప్రదర్శనశాల అనెను. తల్లి, “నాన్నగారు క్షేమముగా తిరిగి వచ్చుటయే నా కోరిక” అనెను. తాతగారు కొంత సంకోచించి, “కాలేజీ వీథిలో ఒక పాత ఆసుపత్రి భవనమున్నది. దానిముందు కొంతసేపు నిలుచుండవలెనని యున్నది” అనిరి.

బాలికకు ఆశ్చర్యము కలిగెను. “తాతయ్యా! ఆ భవనమునుగూర్చి ఏ యాత్రాపుస్తకములోను లేదే! అచట చూడదగినది ఏమున్నది?” అని అడిగెను.

తాతగారు చెప్పిన వృత్తాంతమిది. 1922కు పూర్వము బాలురకు మధుమేహము వచ్చినచో మరణమే గతి. వైద్యులు చేయగలిగినది ఆహారమును తగ్గించుట యొక్కటియే. దానివలన బిడ్డలు చిక్కి శల్యమై కొంతకాలము మాత్రమే అధికముగా బ్రతికెడివారు. ఫ్రెడరిక్ బాంటింగ్ అను యువవైద్యునకు క్లోమగ్రంథినుండి ఈ వ్యాధికి మందు తీయవచ్చునను తలంపు 1920లో కలిగెను. మరుసటి వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయమున ఆచార్య మెక్లౌడు ఆయనకు పరిశోధనశాలను, చార్లెస్ బెస్ట్ అను విద్యార్థిని సహాయమునకు ఇచ్చెను. వారిరువురు కుక్కలపై ప్రయోగములు చేసి మందును తీసిరి. 1922 జనవరి 11వ తేదీన టొరంటో జనరల్ ఆసుపత్రిలో లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు దానిని మొదటిసారిగా సూదిద్వారా ఇచ్చిరి. ఆ బాలుడు అప్పటికి ముప్పది కిలోల బరువైనను లేడు. మందులో మాలిన్యములుండుటచే ఆ ప్రయత్నము ఫలింపలేదు. కాలిప్ అను రసాయనశాస్త్రజ్ఞుడు రాత్రింబవళ్లు శ్రమించి మందును శుద్ధిచేసెను. జనవరి 23న మరల ఇచ్చిరి. ఈసారి రక్తములోని చక్కెర తగ్గెను, బాలుడు కోలుకొనెను. అతడు మరి పదుమూడు సంవత్సరములు జీవించెను.

1923లో బాంటింగునకు, మెక్లౌడునకు నోబెల్ బహుమానము లభించెను. బాంటింగ్ తన భాగమును బెస్టుతోను, మెక్లౌడు తన భాగమును కాలిపుతోను పంచుకొనిరి. ఆ మందుపై గల హక్కును అమ్ముకొనియుండినచో వారు కోటీశ్వరులై యుందురు. కాని బాంటింగ్, బెస్ట్, కాలిప్ మువ్వురును ఆ హక్కును ఒక్కొక్క డాలరునకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి.

“ఆ బాలుని వయస్సు దాదాపు నీ వయస్సే” అని తాతగారు ముగించిరి. “అతనికి సూది పొడిచిన గదిలోనుండి వచ్చినదే నేను పదునెనిమిదేండ్లుగా తినుచున్న అన్నము. కాలము చాలనిచో విడిచిపెట్టవచ్చును. అందు చూచుటకేమియు లేదనుమాట నిజమే.”

బాలిక మాటాడలేదు. అవ్వగారు మాత్రము వెంటనే అందుకొని, “ఏమండీ! విడుచుట ఏమి? నా నయాగరా ఎచటికి పోవును? మొదట ఆ చోటికే పోవుదము. ఆ సీసాలను ఇన్నేండ్లు కంటికి రెప్పవలె కాపాడినదానను, అవి పుట్టిన చోటు నాకును చూడవలెనని యున్నది” అనిరి.

బాలిక ఒంటరిగా కూర్చుండి పాత పట్టికను మరల చూచెను. నయాగరా జలపాతము టొరంటోకు రోడ్డుమార్గమున సుమారు 130 కిలోమీటర్ల దూరముననున్నది. పోవుటకు, వచ్చుటకు, చూచుటకు ఒక పూర్తి దినము కావలెను. జంతుప్రదర్శనశాలకును తక్కువగా ఒక పూట కావలెను. మొదటి దినమున సగము రైలులోనే గడచును. మూడవ దినపు సాయంకాలము తిరుగు రైలు. మిగిలిన రెండు పూటలలో కాలేజీ వీథి చేరవలెనన్నచో ఏదో యొకటి పోవలెను. తాతగారు విడుతుననిరి, అవ్వగారును విడువ సిద్ధముగానున్నారు. వారు మరల ఈ దేశమునకు వత్తురో రారో! తానైనచో ఈ దేశముననే యున్నది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని అవ్వగారు తరచు చెప్పు మాట ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. ఆమె కలము తీసికొని జంతుప్రదర్శనశాల పేరుపై అడ్డుగీత గీసెను. ఒకటి గీచిన పిమ్మట తక్కినవానిని గీయుట అంత కష్టము కాలేదు.

క్రొత్త పట్టిక ఇట్లుండెను. మొదటి దినము మధ్యాహ్నమునకు యూనియన్ స్టేషను చేరి, భోజనముచేసి, బసలో విశ్రమించి, సాయంకాలము గోపురమునకు పోవుట. గోపురము స్టేషనునకు కొద్ది నిమిషముల నడకదూరముననే యున్నది. ఎత్తైన మేడలు పెరిగి ప్రసారములకు అడ్డుపడుటచే కెనడియన్ నేషనల్ రైల్వేవారు దీనిని కట్టించిరి. 1976లో ప్రజలకు ప్రవేశము లభించెను. దీని ఎత్తు 553 మీటర్లు. 2007వఱకు ప్రపంచమున ఊతములేక నిలిచిన కట్టడములలో ఇదియే ఎత్తైనది. జూలైలో అచట రాత్రి దాదాపు తొమ్మిది గంటలవఱకు వెలుతురుండును గనుక తొందర లేదు. మబ్బు పట్టినచో పైనుండి ఏమియు కనబడదు. అట్టి దినమున గోపురమును మాని సరస్సుతీరమున నడచుట.

రెండవ దినము నయాగరా. కెనడా వైపున లాడపు ఆకారమున నున్న జలపాతము సుమారు 57 మీటర్ల ఎత్తునుండి పడును. పడవలో దాని చెంతకు పోవచ్చును. తుంపరలో తడియుదురు గనుక మార్చుకొనుటకు వస్త్రములు, మందు తడియకుండ సంచికి తొడుగు.

మూడవ దినము ఉదయము భూగర్భ రైలులో క్వీన్స్ పార్క్ స్టేషనువఱకు పోయి, కాలేజీ వీథిలోని పాత ఆసుపత్రి భవనమును చూచుట. అది నేడు నూతన పరిశోధనసంస్థలకు నెలవై యున్నది. పిదప విశ్వవిద్యాలయపు ఆవరణమున ఇన్సులిను కనుగొనబడిన చోటికి నడచుట. నాటి కట్టడము ఇప్పుడు లేదు. ఆ స్థానమున క్రొత్త వైద్యశాస్త్రభవనము నిలిచియున్నది. అనంతరము సమయమున్నచో పడవనెక్కి దీవులకు పోవుట. ఆ దీవులు ఒకప్పుడు తీరమును అంటియున్న ఇసుకదిబ్బ. 1858లో వచ్చిన తుపాను దానిని తెగగొట్టి దీవిగా చేసెను. అచట సొంతకార్లకు ప్రవేశము లేదు, చెట్లనీడ కలదు. సమయము చాలనిచో దీవులను విడుచుట.

ప్రతి దినమునకు ఎదురుగా బాలిక ఎఱ్ఱసిరాతో భోజనపు వేళలను వ్రాసెను. ఇన్సులినునకు ఎండ తగులరాదు, అది గడ్డకట్టరాదు. కనుక ఆ సంచిని తానే మోయుదునని వ్రాసెను. చక్కెరబిళ్లలు రెండుచోట్ల, ఒకటి తాతగారి జేబులో, ఒకటి తన సంచిలో. ప్రతి స్థలమునకు చెల్లింపవలసిన రుసుమును కుడిప్రక్కన వేసి కూడెను. కాలేజీ వీథికి ఎదుట సున్న వేసెను.

తల్లి ఆ కాగితమును రెండుసార్లు చదివెను. “జంతుప్రదర్శనశాల ఏమైనది?” అని అడిగెను. “అది ఇచటనే యుండును కదా అమ్మా! వచ్చే యేడు చూచెదను” అని బాలిక బదులు చెప్పెను. తల్లి ఇంక ఏమియు అడుగక నాలుగు టిక్కెట్లకు రైల్వేవారికి సొమ్ము చెల్లించెను.

ప్రయాణమునకు డబ్బు, పటము, టిక్కెట్టు అన్నియు అవసరమే. ఐనను తోడివారి శక్తిని, వారి మనస్సును ముందుగా తెలిసికొనినవాడే ప్రయాణమునకు నిజముగా సిద్ధపడినవాడు. ఎన్ని చూచితిమను లెక్క ఇల్లు చేరిన పిమ్మట మఱవబడును. ఎవరిని ఎట్లు చూచుకొంటిమో అది మాత్రము చిరకాలము జ్ఞాపకముండును.